పచ్చకీ పచ్చికీ నడుమ

మొన్న శనివారం జార్జియాలోని కమ్మింగ్‌లో, మా ఇంటి దగ్గరి మందుల షాపులో ఫ్లూ టీకా వేయించుకున్నాను. నర్సు నా జబ్బ మీద తడి దూదితో రుద్దగానే స్పిరిట్ వాసన గుప్పుమంది, నా కళ్ళు చెమర్చాయి. సూది ఇంకా గుచ్చనే లేదు కదా అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ దూదిలో ఉన్న స్పిరిట్ వేరు, దయామణి గారి గదిలో ఎప్పుడూ తేలుతూ ఉండే మిథనాల్ వేరు. ఆ తేడా నాకు బాగా తెలుసు, కానీ ముక్కుకి అంత కెమిస్ట్రీ రాదు. టీకా అయ్యాక పార్కింగ్‌లో కారెక్కి కూర్చుని, పావుగంట దాకా స్టార్ట్ చేయలేకపోయాను.

ఆమె ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. ఇల్లినాయ్‌లో నేను పీహెచ్‌డీ చేసిన యూనివర్సిటీలో, ఫిజిక్స్ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో దయామణి గారు స్ఫటికాలు పెంచేవారు. "పెంచడం" ఆమె మాటే. తయారు చేశాను అని ఒక్కసారి కూడా అనలేదు. ఉప్పు, పటిక లాంటివి కావు అవి. ఎర్రగానో పచ్చగానో మెరిసే, గోరంత మందం కూడా లేని ఆర్గానిక్ స్ఫటికాలు. మా లేజర్ వెలుగుని వాటిలోంచి పంపితే అవతలి వైపు నుంచి టెరాహెర్ట్జ్ తరంగం వచ్చేది. బాపట్ల దగ్గర పుట్టి, గుంటూరులో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి, నలభై దాటాక ఈ దేశం వచ్చారు. భర్త రాజరత్నం గారు టెక్సస్‌లో, కాపెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెలకోసారి ఎవరో ఒకరు విమానం ఎక్కేవారు. "ఆయన అక్కడ కంప్యూటర్లకి కాపలా, నేను ఇక్కడ సీసాలకి కాపలా" అనేవారు. ఆ సీసాల కోసమే ఆమె ఒంటరిగా, మంచు కురిసే ఆ ఊళ్ళో ఉండిపోయారు.

నేను ఐదేళ్ళ వయసులో ఈ దేశం వచ్చి, ఇల్లినాయ్‌లోనే షామ్‌బర్గ్ అనే ఊళ్ళో పెరిగినదాన్ని. నా తెలుగు వంటింటి తెలుగు. తిండి, స్నానం, తిట్లు, దీవెనలు అర్థమవుతాయి, అంతకు మించితే ఇంగ్లీషులోకి దూకేదాన్ని. చదవడం అసలు రాదు. మొదటిరోజు ఒక స్ఫటికం అడిగి తెమ్మని మా ప్రొఫెసర్ పంపిస్తే ఆ గదికి వెళ్ళాను. ఆమె నీళ్ళతొట్టి మీదికి వంగి థర్మామీటర్ చూస్తున్నారు. తలెత్తకుండానే నా పేరు అడిగారు.

"నిత్య."

"ఏం నిత్య? తెలుగమ్మాయివేనా?"

"అవును ఆంటీ."

"ల్యాబ్‌లో ఆంటీ ఏందమ్మా? నేనెప్పుడన్నా మీ ఇంటికొచ్చి కాఫీ తాగానా?"

"మరి ఏమని పిలవాలి?" అన్నాను.

"నిదానంగా ఆలోచించుకో. అందాకా ఆ తలుపు మెల్లగా వెయ్యి, సీసాలు అదురుతాయి."

ఆలోచించి ఆలోచించి చివరికి ఆంటీ అనే పిలిచాను. ఆమె కూడా ఇంక ఏమీ అనలేదు. రోజూ మధ్యాహ్నం నా లంచ్ డబ్బా పట్టుకుని ఆ గది పక్కనున్న చిన్న బల్ల దగ్గరికి చేరడం అలవాటైపోయింది. సీసాల్లో మిథనాల్ నిండా కరిగిన పొడి ఉండేది. అడుగున దారానికి కట్టిన ఆవగింజంత విత్తన స్ఫటికం. తొట్టిలో నీళ్ళు రోజుకి అర డిగ్రీ చొప్పున చల్లబడుతుంటే, కరిగినది మెల్లగా ఆ విత్తనం మీదికి చేరేది. నాకు ఓపిక తక్కువ. అది అందరికీ తెలిసిన సంగతే, నా గురించి చెడుగా చెప్పాలంటే మా అమ్మ అక్కడే మొదలుపెడుతుంది.

"ఇది ఎందుకింత స్లో ఆంటీ? ఫాస్ట్‌గా కూల్ చేస్తే రాదా?"

"ఎందుకు రాదూ, గుప్పెడొస్తాయి. ఒక్కటి కూడా నీ లేజర్‌కి పనికిరాదు." చెంచా పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "చూడు, మా చర్చిలో పాట మొదలైతే అందరం ఒకే వైపు తిరిగి నిలబడతాం. సగం మంది అటు తిరిగి, సగం మంది ఇటు తిరిగి పాడితే బయట ఉన్నోడికి ఏం వినపడుద్ది? ఈ అణువులూ అంతే. అన్నీ ఒకే వైపు మొహం పెట్టి కూర్చోవాలి. అప్పుడు నీ లేజర్ వచ్చి ఒక్క తట్టు తడితే, అందరూ కలిసి ఒకే ఊపిరిలో ఒక్క చరణం పాడతారు. అదే నీ టెరాహెర్ట్జ్. తొందరపెట్టావనుకో, ఎటు తిరిగి కూర్చోవాలో మర్చిపోతాయి."

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, సమీకరణాలు రాశాను, ఇప్పుడు నా కంపెనీలో కొత్తవాళ్ళకి నేనే చెప్తున్నాను. రేడియో తరంగాలకీ వేడికిరణాలకీ మధ్య ఉండే ఆ తరంగాన్ని పుట్టించడం ఎంత కష్టమో, సెకనులో పది లక్షల కోట్లవ వంతు మాత్రమే ఉండే లేజర్ తళుకు ఎందుకు కావాలో, అంత బలమైన టెరాహెర్ట్జ్ కుదుపు తగిలితే ఏ పదార్థమైనా తన లోపలి గుట్టు ఎలా బయటపెడుతుందో గంటసేపు చెప్పగలను. కానీ ఆ లంచ్ బల్ల దగ్గర విన్నదానికన్నా బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

నాకు చదవడం రాదని తెలిసిన రోజు ఆమె నిజంగా నొచ్చుకున్నారు. మర్నాటి నుంచి స్ఫటికాల డబ్బాల మూతల మీద నంబరు పక్కన ఒక తెలుగు మాట కూడా రాయడం మొదలుపెట్టారు. ఎర్రవాటి మీద "ఎర్ర", పచ్చవాటి మీద "పచ్చ". ఒక దాని మీద "పగులు", ఒక దాని మీద "బంగారు తల్లి". వాటిని చదివి అర్థం చెబితేనే డబ్బా నా చేతికిచ్చేవారు. తలకట్టు, దీర్ఘం అయ్యాక గుడి దగ్గరికి వచ్చాం. "చర్చికెళ్ళేదాన్ని, ఈ అమెరికాలో నీకు గుడి నేర్పే పని నాకే పడింది చూడు!" అని తెగ నవ్వారు. ఏ అక్షరం దగ్గరైనా అనుమానం వస్తే దాని కింద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టమనేవారు. "గీత పెట్టు, ఆగు, నన్నడుగు. ఊహించి ముందుకెళ్ళమాకు." ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ మూతలే నా మొదటి వాచకం. ఆ తర్వాత పదేళ్ళు పట్టుదలగా చదివాను, కొంత ప్రేమతో, ఎక్కువ పశ్చాత్తాపంతో. ఆ పశ్చాత్తాపం సంగతే ఇప్పుడు చెప్పాలి.

నా మూడో ఏడాదిలో ఆమె ఒక పెద్ద పచ్చ స్ఫటికాన్ని పెంచారు. మూడు నెలలు పట్టింది. అరంగుళం వెడల్పు, లోపల ఒక్క మరక లేదు. సీసాలోంచి తీసిన రోజు దాన్ని దీపం ముందు పట్టుకుని ఆమె కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఆ ప్రార్థనకి కారణం ఉంది. మా ల్యాబ్‌కి నిధులిచ్చేవాళ్ళు ఒక మంగళవారం చూడ్డానికి వస్తున్నారు. అంతవరకు ఎవరూ చూడనంత బలమైన టెరాహెర్ట్జ్ చూపిస్తే గ్రాంట్ పొడిగిస్తారు, దయామణి గారి జీతం అందులోంచే వస్తుంది. జీతం ఆగితే ఆమె వీసా ఆగుతుంది. కాపెల్ వెళ్ళి భర్త మీద ఆధారపడే వీసాలో కూర్చోవాలి, పని చేయకూడదు. ఇదంతా మా ప్రొఫెసర్ మా ఇద్దరి ముందే చెప్పాడు. తెలియక చేశాను అనడానికి నాకు వీల్లేదు.

ఆ మంగళవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ల్యాబ్‌లో ఉన్నాను. పాత స్ఫటికం అలసిపోయింది, తెర మీద అల చిన్నగా వస్తోంది. గాలిలో తేమ టెరాహెర్ట్జ్‌ని తాగేస్తుంది కాబట్టి పొడిగాలి నింపిన పెట్టెలో అంతా సర్దాను, అయినా లాభం లేదు. ఆరబెట్టే అల్మరా తెరిచాను. వరసగా డబ్బాలు, వాటిలో పెద్దది కనిపించింది. మూత మీద చదివాను. ప, చ్చ, ఆ పైన గుడి. పచ్చి.

గుడి నాకు కనిపించింది. ఏళ్ళ తరబడి నేను దాచింది అదే. చేతిలో ఉన్న పెన్సిల్‌తో అలవాటుగా ఆ అక్షరం కింద గీత కూడా పెట్టాను. దయామణి గారు అప్పుడు చర్చిలో, తెలుగు ఆరాధనలో ఉంటారు, ఫోన్ ఆపేసి ఉంటారు, రెండు గంటల్లో బయటికి వస్తారు. రెండు గంటలు ఆగితే చాలు. కానీ నా బుర్ర అప్పటికే వాదన మొదలుపెట్టింది. మా అమ్మ పచ్చిమిరపకాయలు అంటుంది. అంటే గ్రీన్ చిల్లీస్. కాబట్టి పచ్చి అన్నా పచ్చ అన్నా రంగే. గుడి పెడితే ఏమిటి, పెట్టకపోతే ఏమిటి? షామ్‌బర్గ్‌లో పెరిగిన తెలుగుపిల్ల తప్ప ఇంకెవరూ ఇలా వాదించలేరు. ఇంగ్లీషువాడైతే ఆ అక్షరం చూసి భయపడి ఆగేవాడు. బాపట్ల పిల్ల అయితే పచ్చి ఇటుక, పచ్చి గోడ గుర్తొచ్చి ఆగేది. లోపల మిథనాల్ ఇంకా ఆరలేదు, కాల్చని ఇటుకలా ఉంది, ముట్టుకోవద్దు అని ఆమె ఒక్క మాటలో రాశారు. నేను దాన్ని రంగు చేసుకున్నాను.

స్ఫటికాన్ని బిగించి లేజర్ వదిలాను. తెర మీద లేచిన అలని ఇప్పటికీ మర్చిపోలేదు. పాతదానికి ఐదింతలు ఉంటుంది. ఒక్కటే అల, నిటారుగా లేచి, దిగి, అంతే. నేను కేక పెట్టి చప్పట్లు కొట్టాను. ఆ వెంటనే అది కుంగింది. ఇంకా కుంగింది. లేజర్ ఆపి పెట్టె తెరిచేసరికి స్ఫటికం నడుమ నల్లగా చార, దాని పొడుగునా పగులు. లోపల చిక్కుకున్న మిథనాల్ వేడికి ఉబ్బి దాన్ని చీల్చేసింది. రెండు ముక్కల్నీ డబ్బాలో పెట్టి మూత వేసి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున ఆమె డబ్బా తెరిచారు. ముక్కల్ని వెలుగులో పెట్టి చూశారు. తర్వాత మూతని చేతిలోకి తీసుకున్నారు.

"పచ్చ అని చదివాను ఆంటీ," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆమె మూతని చూస్తూనే ఉన్నారు. బొటనవేలితో దాన్ని ఒకసారి తుడిచారు. "ఊఁ. చదువుకునే పిల్లవి," అన్నారు, అంతే.

ఆ మధ్యాహ్నం ప్రొఫెసర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఆరని స్ఫటికం లేజర్ ముందుకి ఎలా వచ్చింది, లేబుల్ ఇంగ్లీషులో ఎందుకు లేదు అని అడిగాడు. గొంతు పెంచలేదు, పెంచి ఉంటే బాగుండేది. దయామణి గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, లేబుల్ తన భాషలో రాయడం తన పొరపాటేననీ, అమ్మాయి చదవగలిగినంత సరిగానే చదివిందనీ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. ఆ తెలుగు నాకోసం రాసిందని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ఎదుట నీళ్ళ సీసా ఉంది, దాని మూత తిప్పుతూ కూర్చున్నాను. మంగళవారం వచ్చినవాళ్ళకి పాత స్ఫటికం ఇచ్చే చిన్న అలని చూపించాం. మర్యాదగా తలలూపి వెళ్ళారు. గ్రాంట్ పొడిగించలేదు. పెద్ద స్ఫటికం బతికి ఉంటే తప్పకుండా పొడిగించేవారని నేను ప్రమాణం చేయలేను. అలా అనుకుని నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

ఆమెకి ఆరు వారాల గడువు ఇచ్చారు. ఆ ఆరు వారాలూ నేను లంచ్ పై అంతస్తులో తిన్నాను. బేస్‌మెంట్‌లో నా ల్యాబ్‌కి వెళ్ళాలంటే ఆమె గది ముందు నుంచే దారి. వెనక మెట్లు దిగి, బాయిలర్ రూమ్ చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఎదురుపడితే "బిజీనా?" అని అడిగేవారు, "చాలా" అనేదాన్ని. చివరిరోజు కాన్ఫరెన్స్ రూమ్‌లో కేక్ కోశారు. నా చేతికి ముక్క ఇస్తూ, "చదవటం మాత్రం మానమాకు తల్లీ," అన్నారు. అంతమంది మధ్య ఆ మాటకి జవాబివ్వకుండా ఫోర్క్ వెతుక్కున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. డిగ్రీ వచ్చింది, జార్జియాలో ఉద్యోగం వచ్చింది, తెలుగు పుస్తకాలు ఒకటొకటిగా పూర్తి చేశాను. ఒక రోజు ఏదో కథలో "పచ్చి గాయం" అన్న మాట దగ్గర ఆగిపోయి, పుస్తకం మూసి, కాపెల్‌కి ఫోన్ చేశాను. ఆమె గొంతు వినగానే మనసు ఆగలేదు, పలకరింపులు కూడా కాకుండా చెప్పేశాను.

"ఆంటీ, ఆ రోజు నేను పచ్చ అని చదవలేదు. గుడి నాకు కనపడింది."

అవతల నీళ్ళ కుళాయి కట్టేసిన చప్పుడైంది. "నాకు తెలుసులే," అన్నారు.

"ఎలా?"

"గీత పెట్టావుగా దాని కింద. కనపడకపోతే గీత ఎందుకు పెడతావు?" చిన్నగా నవ్వారు. "మంచి అలవాటే అబ్బింది నీకు, సగం."

నేను ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. కాసేపటికి, సండే స్కూల్ పిల్లలతో గాజు గ్లాసుల్లో దారాలు వేలాడదీయించి పటికబెల్లం పెంచుతున్నానని చెప్పారు. పిల్లలు రెండో రోజే పీకి తినేస్తున్నారట. దేశంలోనే అంత నాణ్యమైన స్ఫటికాలు పెంచిన చేతులు అవి. నేను ముక్కు తుడుచుకుని, అంతా తెలిసీ ప్రొఫెసర్ ముందు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేనెట్టా చెప్తానమ్మా? అది నువ్వు చెప్పాల్సిన మాట. చెప్తావనే అనుకున్నా. ఆ మీటింగ్‌లో కాకపోయినా తర్వాత నా దగ్గరికన్నా వస్తావని. వెళ్ళేదాకా, ఆరు వారాలూ, సాయంత్రం ఐదింటి దాకా నా గది తలుపు వెయ్యలా. సీసాలు అదురుతున్నా సరే, తీసే ఉంచా. ఉద్యోగం కోసం కాదు, అది ఎట్టాగూ పోయింది. మా నిత్య వచ్చుద్దని."

ఆ ఫోన్ తర్వాత మేము తరచు మాట్లాడుకున్నాం. నేను చదివిన పుస్తకాల గురించి అడిగేవారు, నా "ళ"ని వెక్కిరించేవారు, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండానే జబ్బుచేసి పోయారు. రాజరత్నం గారు వాట్సాప్‌లో తెలుగులో రెండు లైన్లు పెట్టారు. అవి చదవడానికి ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగాల్సిన అవసరం రాలేదు.

ఆఫీసులో ఇప్పుడు నన్ను నత్త అంటారు. ఏ మాట దగ్గరైనా చిన్న అనుమానం వస్తే లేజర్ ఆపేసి, పది మందిని అడిగి, అప్పుడు మళ్ళీ మొదలుపెడతాను. దాన్ని ఆమె దయ అనుకుంటాను, ఒక్కోసారి శిక్ష అనుకుంటాను. ఆమె నన్ను ఎప్పుడో క్షమించేశారని తెలుసు. నిజం చెప్పాలంటే ఆ క్షమ నాకు చాలలేదు, చాలదు కూడా. ఆ ఆరు వారాల్లో ఒక్క సాయంత్రం నాకు తిరిగి కావాలి. నాలుగున్నరకి, తెరిచి ఉన్న ఆ తలుపు దగ్గరికి ముందు దారిలోంచే నడిచి వెళ్ళి, "ఆంటీ, గుడి నాకు కనపడింది" అని చెప్పి, ఆమె నోటితో కడుపునిండా తిట్లు తినాలని ఉంది.